ఊరు వదలని మార్షల్: ‘గన్‌స్మోక్’ను ఇంకా ఎందుకు చూస్తున్నారు?

క్లుప్తంగా: 1955 నుంచి 1975 దాకా అమెరికా టీవీలో వచ్చిన కౌబాయ్ సీరియల్ గన్‌స్మోక్‌ను ఇవాళ్టికీ అక్కడ రోజూ చూసేవాళ్లున్నారు. పాతరోజుల మీద బెంగే దీనికి కారణమైతే అదే కాలంలో వచ్చిన డజన్లకొద్దీ కౌబాయ్ సీరియళ్లు కూడా ఇలాగే బతికుండాలి, కానీ వాటిలో చాలావాటి పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. తేడా ఎక్కడుందో చూడాలంటే రేడియోలో దాని పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఆ తర్వాత కథల తీరు, రీరన్‌ల (పాత ఎపిసోడ్లను మళ్లీ మళ్లీ వేయడం) వ్యాపారం, అన్నిటికంటే ముఖ్యంగా ఊరు దాటి పోని ఆ హీరో.

పదిలో ఏడు కౌబాయ్‌లే

1958–59 సీజన్‌లో అమెరికాలో ఎక్కువమంది చూసిన పది టీవీ కార్యక్రమాల జాబితా తీస్తే అందులో ఏడు కౌబాయ్ సీరియళ్లే. ఆ రోజుల్లో రాత్రి పూట ప్రసారాల్లో దాదాపు 30 దాకా ఇవే ఉండేవి. ఏ ఛానల్ తిప్పినా గుర్రం, తుపాకీ, సెలూన్ (అంటే మందు తాగే చోటు). ఇంత పోటీలో 1957 నుంచి 1961 వరకు వరుసగా నాలుగు సీజన్లు మొదటి స్థానంలో ఉన్నది గన్‌స్మోక్. మొత్తం 20 సీజన్లు, 635 ఎపిసోడ్లు. అమెరికాలో రాత్రి ప్రైమ్‌టైమ్‌లో వచ్చే కథా కార్యక్రమాల్లో ఈ ఎపిసోడ్ల లెక్కను దాటడానికి ‘ద సింప్సన్స్’ అనే కార్టూన్ సీరియల్‌కు 2018 దాకా పట్టింది. కార్టూన్‌లో పాత్రలకు వయసు రాదు, నటీనటులతో తీసేదానికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోవాలి.

తెలుగు ప్రేక్షకులకు కౌబాయ్ అంటే ముందు గుర్తొచ్చేది కృష్ణ. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ను 2023లో మళ్లీ థియేటర్లలో వేస్తే జనం వెళ్లి చూశారు. కాకపోతే ఆ సినిమా వెనక ఉన్న స్ఫూర్తి ఇటలీలో తీసిన కౌబాయ్ చిత్రాలది. వాటిలో హీరో ఎక్కడి నుంచో వస్తాడు, నిధి కోసమో పగ కోసమో నాలుగు రోజులుంటాడు, లెక్క తేలాక గుర్రమెక్కి వెళ్లిపోతాడు. మనకు అలవాటైన కౌబాయ్ అతనే. గన్‌స్మోక్ హీరో మ్యాట్ డిల్లన్ డాడ్జ్ సిటీ అనే ఊళ్లో మార్షల్, అంటే చట్టం అమలు చేసే అధికారి. అతను మాత్రం ఎక్కడికీ పోడు. ఊరికి వచ్చేవాళ్లు వస్తారు, చచ్చేవాళ్లు చస్తారు, పోయేవాళ్లు పోతారు, వచ్చేవారం మళ్లీ అదే వీధిలో అదే మనిషి నిలబడి ఉంటాడు. ఈ సీరియల్ ఇన్నాళ్లు నిలవడానికి మూలం ఇక్కడే ఉంది.

చెవులకోసం రాసిన కథ

గన్‌స్మోక్ టీవీలో పుట్టలేదు. 1952 ఏప్రిల్‌లో సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ రేడియోలో మొదలైంది, టీవీలో వచ్చేసిన తర్వాత కూడా 1961 వరకు రేడియోలో సాగింది. దీన్ని తయారుచేసింది నార్మన్ మెక్‌డొనెల్, జాన్ మెస్టన్. అప్పటిదాకా కౌబాయ్ కథలంటే పిల్లల కార్యక్రమాలు. తెల్లటోపీ హీరో, తుపాకీ గురి తప్పదు, చివర్లో ఒక పాట. వీళ్లిద్దరూ పెద్దవాళ్లకోసం రాద్దామనుకున్నారు. ఆ కథల్లో ఆకలి ఉంటుంది, పిచ్చి ఉంటుంది, భార్యను కొట్టే మొగుడు ఉంటాడు, అప్పు తీర్చలేక మైదానంలో ఒంటరిగా కుళ్లిపోయే రైతు ఉంటాడు. చాలా కథల్లో న్యాయం జరగదు, లేదా జరిగేసరికి ఆలస్యమైపోతుంది.

రేడియోకు బొమ్మ లేదు కాబట్టి అంతా మాటలోనూ శబ్దంలోనూ రావాలి. చెక్క నడవ మీద బూటు చప్పుడు, దూరంగా కుక్క అరుపు, మాటకూ మాటకూ మధ్య వదిలేసిన నిశ్శబ్దం: ఈ విషయంలో ఆ రేడియో బృందానికి మంచి పేరుండేది. టీవీకి మారినప్పుడు మొదటి సీజన్లలో చాలా కథలు ఈ రేడియో స్క్రిప్టుల నుంచే వచ్చాయి. దానివల్ల ఒక మేలు జరిగింది. సెట్టు చిన్నది, గుర్రాల మందలు లేవు, ఖర్చు తక్కువ, అయినా కథ బలంగా ఉండేది, ఎందుకంటే అది ముందే కళ్లు మూసుకుని వినడానికి రాసింది. ఇవాళ వంటింట్లో పని చేసుకుంటూ టీవీ పెట్టుకునేవాళ్లకు గన్‌స్మోక్ సరిగ్గా సరిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. తెర వైపు చూడకపోయినా కథ తెలుస్తుంది.

రేడియోలో డిల్లన్ గొంతు విలియమ్ కాన్రాడ్‌ది. మనిషి భారీగా ఉండటంతో టీవీకి ఆయన్ని తీసుకోలేదు. వచ్చింది జేమ్స్ ఆర్నెస్, ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. 1955 సెప్టెంబర్ 10న మొదటి ఎపిసోడ్‌కు ముందు అప్పటికే పెద్ద స్టార్ అయిన జాన్ వేన్ తెర మీదికి వచ్చి ఈ కొత్త కుర్రాణ్ణి పరిచయం చేశాడు. ఆర్నెస్ రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని ఆంజియోలో పోరాడాడు. ఎత్తు ఎక్కువని, నీళ్ల లోతు చూడటానికి పడవలోంచి ముందు ఆయన్నే దింపారని చెబుతారు. అక్కడే కుడికాలికి తూటాలు తగిలాయి, ఆ నొప్పి జీవితాంతం ఉండిపోయింది. తెర మీద డిల్లన్ నడకలో కనిపించే బరువులో ఆ కాలి పాలు కూడా ఉంది.

నలుగురు మనుషులు, ఒక బల్ల

సీరియల్ గురించి అభిమానుల్ని అడిగితే తుపాకీ కాల్పుల గురించి చెప్పేవాళ్లు తక్కువ. లాంగ్ బ్రాంచ్ సెలూన్‌లో ఒక బల్ల చుట్టూ కూర్చునే నలుగురి గురించే చెబుతారు. మార్షల్ డిల్లన్, సెలూన్ నడిపే మిస్ కిట్టీ (అమాండా బ్లేక్), అందరూ డాక్ అని పిలిచే డాక్టర్ గేలెన్ ఆడమ్స్ (మిల్బర్న్ స్టోన్), డిల్లన్‌కు సాయంగా ఉండే చెస్టర్ (డెన్నిస్ వీవర్). 1964లో వీవర్ వెళ్లిపోయాక ఆ చోటులోకి కెన్ కర్టిస్ వచ్చాడు. ఆయన వేసిన ఫెస్టస్ చదువు రాని కొండప్రాంతం మనిషి, రూత్ అనే కంచరగాడిద మీద తిరుగుతాడు. డాక్‌కూ ఫెస్టస్‌కూ ఒక్క క్షణం పడదు. ఒక బీరు ఎవరు కొనిపెట్టాలన్న దాని మీద ఎపిసోడ్ల తరబడి పోట్లాడుకుంటారు, కానీ ఒకడికి జ్వరమొస్తే రెండోవాడు రాత్రంతా మంచం పక్కనే కూర్చుంటాడు. ఊళ్లో రచ్చబండ మీద రోజూ పోట్లాడుకుంటూ ఒకళ్లు లేకపోతే ఇంకొకళ్లకు పొద్దుపోని ఇద్దరు ముసలాళ్లను చూసినవాళ్లకు ఈ బంధాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

డిల్లన్‌కూ కిట్టీకీ మధ్య ఏముంది అన్నది 19 ఏళ్లు నడిచిన ప్రశ్న. అభిమానం ఉంది, నమ్మకం ఉంది, ఒకరికోసం ఒకరు ప్రాణం పెడతారు. పెళ్లి మాత్రం లేదు. దీనికి రచయితల లెక్క ఒకటుంది. పెళ్లయితే డిల్లన్ ప్రతివారం ప్రాణాన్ని పణంగా పెట్టడం బాధ్యత లేని పనిలా కనిపిస్తుంది, కిట్టీ తన సెలూన్ తాను నడుపుకునే మనిషిగా మిగలదు. అందుకే ఆ విషయాన్ని చూపుల్లో వదిలేశారు. కిట్టీ తలుపు దగ్గర నిలబడి అతను గుర్రమెక్కడం చూస్తుంది, ఏమీ అనదు. చాలామంది అభిమానులకు ఆ సీరియల్ మొత్తంలో గట్టిగా గుర్తుండిపోయింది ఆ చూపే.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కథ కాలం 1870లలోనే ఆగిపోయి ఉంటుంది, మనుషుల జుట్టు మాత్రం నెరుస్తూ పోతుంది. 1971లో మిల్బర్న్ స్టోన్‌కు గుండె ఆపరేషన్ జరిగితే కొన్ని ఎపిసోడ్లకు మరో డాక్టర్ పాత్రను తెచ్చారు, కోలుకున్నాక డాక్ ఊరికి తిరిగొచ్చాడు. ఆరోగ్యం కుదుటపడి తిరిగొచ్చిన నటుణ్ణీ, ఊరికి తిరిగొచ్చిన డాక్టర్‌నూ చూసేవాళ్లు ఒకేసారి చూశారు. ఇరవై ఏళ్లు ఒకే మనుషుల్ని చూస్తే నటన ఎక్కడ ఆగుతుందో స్నేహం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోతుంది, ఈ సీరియల్ బలం చాలావరకు ఆ కలగాపులగంలోనే ఉంది.

ఒక ఎపిసోడ్ ఎలా పనిచేస్తుంది

మన తెలుగు డైలీ సీరియల్ రేపటి మీద బతుకుతుంది. ఇవాళ తలుపు తీసేముందు ఆపేస్తారు, తలుపు వెనక ఎవరున్నారో రేపు చూడాలి. ఆ టెన్షన్ బాగానే పనిచేస్తుంది, కానీ మొత్తం అయిపోయాక మళ్లీ మొదటినుంచి చూసేవాళ్లు అరుదు, మధ్యలో ఎక్కడో ఒక రోజు ఎపిసోడ్ పెడితే ఎవరికీ ఏమీ అర్థంకాదు. గన్‌స్మోక్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అరగంటలోనో గంటలోనో కథ పూర్తవుతుంది. ఎవరో కొత్తవాళ్లు ఊళ్లోకి వస్తారు, వాళ్లతోపాటు ఒక కష్టం వస్తుంది, చివరికి ఏదో ఒకటి తేలుతుంది. 412వ ఎపిసోడ్ చూడటానికి 411 చూసి ఉండనవసరం లేదు.

ఇందులో ఇంకో సంగతి దాగుంది. మన నలుగురూ చావరని చూసేవాళ్లకు తెలుసు, కాబట్టి అసలు ప్రమాదమంతా ఆ వారం వచ్చిన కొత్త మనిషి మీదే ఉంటుంది. ఆ కొత్త మనిషి బాగుపడొచ్చు, ఉరికంబం ఎక్కొచ్చు. అందుకే అతిథి పాత్రలకు గట్టి రచన అవసరమైంది, దానికోసం మంచి నటులు వచ్చారు. 1966లో బెట్టీ డేవిస్ అంతటి నటి వచ్చి, భర్తను ఉరితీసినందుకు డిల్లన్ మీద పగబట్టిన తల్లిగా నటించింది. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న హారిసన్ ఫోర్డ్, జోడీ ఫోస్టర్ లాంటివాళ్లు కూడా అప్పట్లో ఈ ఊరి వీధిలో తిరిగినవాళ్లే. చివరి సీజన్లలో ఆర్నెస్ షూటింగ్ రోజులు తగ్గించుకోవడంతో కథ బరువు మరింతగా వీళ్ల మీద పడింది. కొన్ని ఎపిసోడ్లలో డిల్లన్ మొదట్లో కాసేపు, చివర్లో కాసేపు కనిపిస్తాడంతే.

డిల్లన్ చంపడాన్ని ఎలా తీసుకుంటాడు అన్నది కూడా గమనించాలి. మొదటి సీజన్లలో ఎపిసోడ్ మొదట్లో అతను బూట్‌హిల్ మీద, అంటే ఊరి శ్మశానంలో, సమాధుల మధ్య నడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటాడు. ఆ సమాధుల్లో కొన్ని తాను చంపినవాళ్లవే. గెలిచాక నవ్వడు. కొన్నిసార్లు చంపిన మనిషి తనకు నచ్చినవాడే అయ్యుంటాడు. చట్టం అమలు చేసే మనిషి మీద ఆ పని ఏ ముద్ర వేస్తుందో 1950ల టీవీలో ఇంత తిన్నగా చూపించినవి తక్కువ. ఇప్పటి పోలీసు కథలకు అలవాటుపడిన కళ్లకు కూడా ఈ భాగం పాతగా అనిపించకపోవడానికి కారణం ఇదే.

అసలు డాడ్జ్ సిటీ

కేన్సస్ రాష్ట్రంలో డాడ్జ్ సిటీ నిజంగానే ఉంది. 1872లో రైలు రావడంతో పుట్టిన ఊరు. అంతర్యుద్ధం తర్వాత టెక్సస్‌లో పశువులు మందలు మందలుగా ఉండేవి, కొనేవాళ్లు తూర్పు నగరాల్లో ఉండేవాళ్లు. మధ్యలో రైలు దొరికేది కేన్సస్‌లో. అందుకని నెలల తరబడి పశువుల్ని తోలుకుంటూ వచ్చి రైలు స్టేషన్ ఉన్న ఊళ్లో అమ్మేవాళ్లు. 1875 నుంచి దాదాపు పదేళ్లు ఈ వ్యాపారానికి డాడ్జ్ కేంద్రం. కౌబాయ్‌కు జీతం చేతికొచ్చేది ఇక్కడే, అన్నినెలల దాహం తీర్చుకునేదీ ఇక్కడే. సెలూన్లు అందుకే వెలిశాయి. సీరియల్లోని లాంగ్ బ్రాంచ్ కూడా కల్పన కాదు, ఆ పేరుతో అసలు సెలూన్ అక్కడ ఉండేది.

ఆ వైభవం ముగిసింది తుపాకీతో కాదు, పిడుదుపురుగుతో. టెక్సస్ పశువుల ఒంటి మీద వచ్చే పిడుదుల వల్ల స్థానిక పశువులు జ్వరమొచ్చి చచ్చిపోయేవి, టెక్సస్ పశువులకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. రైతులు గోలపెట్టగా టెక్సస్ పశువులు దాటకూడని గీతను కేన్సస్ ప్రభుత్వం క్రమంగా పడమరకు జరుపుతూ పోయింది, 1885లో రాష్ట్రం మొత్తం మూసేసింది. కౌబాయ్ ఊరిగా డాడ్జ్ కథ అక్కడితో సరి. అంటే గన్‌స్మోక్ టీవీలో నడిచిన కాలం ఆ ఊరి అసలు పశువుల కాలానికి రెట్టింపు.

హింస సంగతి కూడా సీరియల్లో పెంచి చూపిందే. చరిత్రకారుడు రాబర్ట్ డైక్‌స్ట్రా లెక్క ప్రకారం 1870 నుంచి 1885 వరకు డాడ్జ్‌తో కలిపి ఐదు పశువుల ఊళ్లలో జరిగిన హత్యలు మొత్తం 45. గన్‌స్మోక్‌లో చనిపోయినవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెడితే ఈ సంఖ్య ఎప్పుడో దాటిపోతుంది. పైగా అసలు డాడ్జ్‌లో తుపాకీ పెట్టుకుని ఊళ్లో తిరగకూడదని నిబంధన ఉండేది. హోదాలోనూ తేడా ఉంది: డిల్లన్ కేంద్రప్రభుత్వ మార్షల్, అలాంటివాళ్లు ఒక్కో కోర్టు జిల్లాకు ఒక్కరే ఉంటారు, వీధిలో తాగుబోతుల్ని పట్టుకునేది ఊరి మార్షల్, కౌంటీ షెరీఫ్. ఇవన్నీ అభిమానులకు తెలియనివి కావు. డాడ్జ్ సిటీలో బూట్‌హిల్ మ్యూజియంకు వెళ్లేవాళ్లు అసలు చరిత్రనూ గన్‌స్మోక్ వస్తువులనూ ఒకే కప్పు కింద చూసి వస్తారు. ‘ఇక్కణ్ణుంచి జారుకో’ అనే అర్థంలో ‘గెట్ అవుట్ ఆఫ్ డాడ్జ్’ అనే మాట ఇంగ్లిష్‌లో స్థిరపడిపోయింది కూడా.

రెండుసార్లు ఆపారు

1967 నాటికి రేటింగులు బాగా పడిపోయాయి, సీబీఎస్ ఆపేద్దామని నిర్ణయించింది. సంస్థ అధినేత విలియమ్ పేలీ ఆ నిర్ణయాన్ని తిప్పేశాడు. ఆ చోటు కోసం ‘గిలిగన్స్ ఐలాండ్’ అనే హాస్య సీరియల్‌ను బలిచేశారు. శనివారం రాత్రి ఆలస్యంగా వచ్చే గన్‌స్మోక్‌ను సోమవారం సాయంత్రం 7.30కు మార్చారు. కథ మారలేదు, మనుషులు మారలేదు, టైమ్ మారింది. ఆ ఒక్క మార్పుతో పిల్లలు నిద్రపోకముందే ఇల్లంతా కూర్చుని చూసే కార్యక్రమమైంది, ఆ సీజన్‌లోనే నాలుగో స్థానానికి ఎగబాకింది. ఇవాళ అరవై దాటిన అభిమానుల్లో చాలామంది ఆ సోమవారం సాయంత్రాల పిల్లలే. ఈ సీరియల్ పేరెత్తగానే వాళ్ల నోట ముందు నాన్న పేరో తాత పేరో వస్తుంది.

1970ల మొదట్లో ప్రకటనల కంపెనీల లెక్క మారింది. ఎంతమంది చూస్తున్నారు అన్నదానికంటే ఎవరు చూస్తున్నారు అన్నది ముఖ్యమైపోయింది. పల్లెల్లో ఉండే పెద్దవయసువాళ్లకంటే నగరాల్లో ఉండే యువతే కొనుగోలుదారులని భావించి 1971లో సీబీఎస్ పల్లె వాసన ఉన్న కార్యక్రమాల్ని వరసబెట్టి తీసేసింది. గన్‌స్మోక్ ఆ వేటునూ తప్పించుకుంది. 1975లో మాత్రం ఆపేశారు. వీడ్కోలు ఎపిసోడ్ కూడా తీయలేదు. తీస్తున్నవాళ్లకే అది చివరిదని తెలియదు.

బొనాంజాతో పోలిస్తే

ఆ కాలంలో దీనికి సరిజోడు ‘బొనాంజా’. 1959 నుంచి 1973 వరకు సీబీఎస్‌కు పోటీ సంస్థ అయిన ఎన్‌బీసీలో వచ్చింది. అది మొదటిరోజు నుంచీ రంగుల్లో తీసిన సీరియల్, ఎందుకంటే ఎన్‌బీసీ సొంతదారు ఆర్‌సీఏ రంగుల టీవీలు అమ్మేది. గన్‌స్మోక్ 1966 వరకు నలుపు–తెలుపే. బొనాంజా భూస్వామి కుటుంబం కథ, తండ్రి, ముగ్గురు కొడుకులు, కనుచూపు మేర సొంత భూమి. 1972లో రెండో కొడుకు పాత్రధారి డాన్ బ్లాకర్ చనిపోయాక ఎక్కువకాలం నడవలేదు. కుటుంబంలో ఒక మనిషి పోతే ఆ లోటు పూడదు. ఊరు అలా కాదు. చెస్టర్ పోతే ఫెస్టస్ వచ్చాడు, 1974లో కిట్టీ వెళ్లిపోతే ఆ లోటు అందరికీ తెలిసినా ఊరు ఇంకో ఏడాది నడిచింది. రక్తసంబంధం లేని నలుగురు ఎవరూ బలవంతపెట్టకుండా రోజూ ఒక బల్ల దగ్గర చేరడమన్నది ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఎందుకు నచ్చుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

635 ఎపిసోడ్లు అంటే ఛానళ్లకు బంగారు గని. పనిదినాల్లో రోజుకొకటి వేసినా తిరిగి మొదటికి రావడానికి దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది, అప్పటికి చూసినవాళ్లు సగం మరిచిపోయి ఉంటారు. అమెరికాలో పాత కార్యక్రమాలు వేసే మీటీవీ లాంటి ఛానళ్లు మధ్యాహ్నం పూట దీన్ని నమ్ముకున్నాయి. అక్కడ స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లి, వాళ్లు ఆఫీసులకు పోయాక టీవీ తిప్పుకునే తెలుగు పెద్దవాళ్లకు కూడా ఈ మార్షల్ ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడే ఉంటాడు. స్ట్రీమింగ్ వచ్చాక పాతవి మరుగున పడతాయనుకున్నారు, కానీ ఇటీవల ప్రేక్షకుల లెక్కలు తీసే నీల్సన్ సంస్థ ఇచ్చే స్ట్రీమింగ్ జాబితాల్లో కూడా గన్‌స్మోక్ పేరు కనిపించింది. దానిక్కూడా సూటి కారణముంది. స్ట్రీమింగ్‌లో లెక్కపెట్టేది చూసిన నిమిషాల్ని. 20 సీజన్లున్న సీరియల్‌ను ఒకసారి పెట్టుకుంటే ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటుంది. ఎనిమిది ఎపిసోడ్ల కొత్త సీరియల్ ఎంత బాగున్నా ఈ లెక్కలో దీన్ని అందుకోలేదు.

పట్టించుకోవాల్సిన లోపాలు

ఇప్పుడు చూస్తే కొన్ని ఇబ్బందిపెడతాయి. అమెరికా ఆదివాసుల పట్ల సానుభూతి ఉన్న కథలు చాలానే ఉన్నాయి, అయినా ఆ పాత్రల్ని తరచూ తెల్లనటులే వేశారు. అసలు పశువుల దారుల్లో నల్లజాతి కౌబాయ్‌లు గణనీయంగా ఉండేవాళ్లు, సీరియల్లో వాళ్లు కనిపించేది ఎప్పుడో ఒకసారి. సెలూన్‌లో పనిచేసే ఆడవాళ్ల బతుకుల్ని రేడియోలో చూచాయగా అయినా చెప్పారు, టీవీకి వచ్చేసరికి ఆ సంగతి దాదాపు తుడిచేశారు. దీనికి అప్పటి టీవీ సంస్థల భయం కారణం. ఈ లోపాల్ని ఒప్పుకుంటూనే చూసే అభిమానులు చాలామంది ఉన్నారు. కొత్తగా చూడాలనుకునేవాళ్లు జాన్ మెస్టన్ కథలతో వచ్చిన తొలి అరగంట ఎపిసోడ్ల నుంచి మొదలుపెడితే మంచిది, సీరియల్ అసలు పదును వాటిలోనే ఉంది.

1975 మార్చి 31న ప్రసారమైన ఆఖరి ఎపిసోడ్ ఫెస్టస్ ముఖ్యంగా నడిచే మామూలు కథ. వీడ్కోలు లేదు, కన్నీళ్లు లేవు. రీరన్ వేసే ఛానల్లో ఆ ఎపిసోడ్ అయిపోయిన మర్నాడు మళ్లీ 1955 వస్తుంది. ఆ మొదటి కథలో డిల్లన్ తనకంటే వేగంగా తుపాకీ తీసేవాడి చేతిలో గుండుదెబ్బ తిని వీధిలో పడిపోతాడు. కోలుకుంటాడు. వాడు వేగం ఉన్నవాడే గానీ దగ్గరికొస్తే తప్ప గురి కుదరనివాడని కనిపెట్టి, రెండోసారి వాణ్ణి దగ్గరికి రానివ్వడు.